పెరట్లో కట్టుబడి: ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

మీ ఇంటి పెరట్లో ఒక మూల ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, ఊడ్చిన చెత్త పోగుపడుతూ ఉంటాయి. వాటిని ఒకచోట వేసి కుళ్ళనిస్తే మొక్కలకు మంచి ఎరువు అవుతుంది. అందుకు నాలుగు వైపులా ఇటుకలు పేర్చి ఒక ఎరువు తొట్టి కట్టుకుందామని మీకు తోచిందనుకోండి. చాలా మంచి ఆలోచన. సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళ తోడు తీసుకుని మీరే కట్టవచ్చు.

అయితే మీరు నోరు విప్పగానే సలహాలు మొదలవుతాయి. "సిమెంటు ఎంత ఎక్కువ కలిపితే అంత గట్టి" అంటారు ఒకరు. "తొట్టికి సిమెంటు దండగ, బురదతో పేర్చు చాలు" అంటారు మరొకరు. ఒకరు పునాదే అక్కర్లేదంటారు. ఇంకొకరు మోకాలి లోతు తవ్వాల్సిందేనంటారు. అందరూ మన మేలు కోరేవారే. ఎవరి అనుభవం వారు చెబుతున్నారు. మరి ఎవరి మాట వినాలి?

గట్టిగా చెప్పినవారి మాటా కాదు, మొదట చెప్పినవారి మాటా కాదు. "ఎందుకు?" అని అడిగితే కారణం చెప్పగలిగిన మాట, పరీక్షకు నిలిచే మాట వినాలి. తొట్టి కట్టడంలో మీరు నేర్చుకునే అసలు పాఠం ఇదే.

ఇటుకల పనిలో తప్పుడు సలహా ఖరీదైనది. 2019 డిసెంబరు 2న తమిళనాడులోని మేట్టుపాళయం దగ్గర నడూరు గ్రామంలో భారీ వర్షాల మధ్య ఒక ఎత్తయిన ప్రహరీగోడ పక్కనున్న ఇళ్ళ మీద కూలింది. 17 మంది చనిపోయారు. గోడ అనేది కేవలం అడ్డు కాదు, నిలబెట్టిన బరువు. ఆ బరువు ఎందుకు నిలుస్తుందో, ఎప్పుడు పడుతుందో తెలియకుండా కట్టకూడదు.

అడగడానికి ముందు కొలవండి

"మేస్త్రి గారూ, తొట్టి ఎలా కట్టాలి?" అని అడిగితే ఆయన ఏం చెబుతారు? ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏ నేల, దేనికోసం అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. జవాబు సరిగా రావాలంటే ప్రశ్న సరిగా ఉండాలి. కాబట్టి ముందు ఒక కాగితం మీద బొమ్మ గీసి కొలతలు వేయండి.

మన తొట్టి లోపలి కొలతలు ఇలా అనుకుందాం: పొడవు 120 సెం.మీ., వెడల్పు 90 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ. గోడ మందం 10 సెం.మీ. ఇప్పుడు ఇటుకలు ఎన్ని కావాలో లెక్క కట్టవచ్చు. గోడ మందానికి సరిగ్గా మధ్యగా చుట్టుకొలత తీసుకుంటే పొడవు 130, వెడల్పు 100 సెం.మీ. అవుతాయి. చుట్టుకొలత 2 × (1.3 + 1.0) = 4.6 మీటర్లు. దీన్ని ఎత్తుతోనూ మందంతోనూ హెచ్చిస్తే 4.6 × 0.6 × 0.1 = 0.276 ఘనపు మీటర్లు.

ప్రమాణం ప్రకారం చేసిన ఇటుక 19 × 9 × 9 సెం.మీ. ఉంటుంది. చుట్టూ పట్టే సిమెంటు మాలుతో కలిపి 20 × 10 × 10 సెం.మీ. చోటు తీసుకుంటుంది. అంటే ఘనపు మీటరుకు 500 ఇటుకలు. మన తొట్టికి 0.276 × 500 = 138. విరిగేవాటిని లెక్కలోకి తీసుకుని 145 తెచ్చుకుంటే సరిపోతుంది. మీ ఊళ్ళో దొరికే ఇటుక కొలత వేరుగా ఉండవచ్చు. అందుకని ఒక ఇటుకను మీరే కొలిచి లెక్క మళ్ళీ వేయండి. "వెయ్యి ఇటుకలు పడతాయి" అని ఎవరైనా అంటే ఇక మీరు కంగారు పడరు.

నేలను అడగండి

పునాది ఎంత లోతు అనే ప్రశ్నకు నిజమైన జవాబు నేల దగ్గర ఉంది. ఒక గాజు సీసాలో మూడోవంతు మీ పెరటి మట్టి వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి బాగా కుదిపి, కదలని చోట ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. కొన్ని గంటల్లో దానిమీద మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. బంకమన్ను మాత్రం ఒక రోజు గడిచినా నీళ్ళను మురికిగానే ఉంచుతుంది. పెద్ద రేణువులు త్వరగా, చిన్నవి నెమ్మదిగా దిగుతాయి కనుక పొరలు ఇలా విడిపోతాయి. పొరల మందాన్ని స్కేలుతో కొలిస్తే మీ నేలలో ఏది ఎక్కువో తెలుస్తుంది.

నల్లరేగడి నేలలో బంకమన్ను ఎక్కువ. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దానిమీద పైపైన కట్టిన గోడ వానాకాలంలో లేచి, ఎండాకాలంలో కుంగుతుంది. చివరకు పగులుతుంది. గట్టి ఎర్ర మొరం నేల ఇంతగా కదలదు. ఇప్పుడు ఆ ఇద్దరి సలహాలు చూడండి. పునాది అక్కర్లేదన్నవారు మొరం నేలలో ఉండి ఉండవచ్చు. లోతుగా తవ్వమన్నవారు రేగడిలో ఉండి ఉండవచ్చు. ఎవరి నేల మీద వారి మాట నిజమే. మీ నేల ఏదన్నదే ప్రశ్న.

గట్టి నేలలో మన చిన్న తొట్టికి 30 సెం.మీ. వెడల్పు, అంతే లోతు కందకం తీసి, ఇటుక ముక్కలు, మొరం వేసి, నీళ్ళు చల్లుతూ దిమ్మిస చేస్తే చాలు. రేగడి అయితే ఎంత లోతు తీయాలో, ఏమి నింపాలో మీ ఊరి మేస్త్రి గారిని అడగండి. ఆ నేలలో ఆయన కట్టిన గోడలు ఎన్ని వానలకు నిలిచాయో ఆయనకు తెలుసు.

మూల, మట్టం, తూకం

మేస్త్రి గారి సంచిలో మూడు పనిముట్లు తప్పక ఉంటాయి: మూలమట్టం, రసమట్టం, తూకపు గుండు. మూడింటిలోనూ మీ పాఠ్యపుస్తకం దాగి ఉంది.

ముందు మూల. తొట్టి నాలుగు మూలలూ లంబకోణాలు కావాలి. ఒక మేకు నుంచి ఒక వైపు 90 సెం.మీ., రెండో వైపు 120 సెం.మీ. దారం లాగండి. ఆ రెండు కొసల మధ్య దూరం సరిగ్గా 150 సెం.మీ. అయ్యేదాకా దారాన్ని జరపండి. అప్పుడు మూల 90 డిగ్రీలు. 90, 120, 150 అంటే 3, 4, 5లను 30తో హెచ్చించినవే. 90 వర్గం 8,100, 120 వర్గం 14,400. రెండూ కలిపితే 22,500, అంటే 150 వర్గం. పైథాగరస్ పేరుతో మనం చదివే ఈ సూత్రం మన దేశపు బౌధాయన శుల్బ సూత్రంలోనూ ఉంది. అదీ ఇటుకలతో వేదికలు కట్టేవారి కోసం చెప్పిన లెక్కే.

తరవాత మట్టం. రసమట్టం లేకపోతే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం చాలు. అందులో నీళ్ళు నింపి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. రెండు కొసల మీదా పనిచేసే గాలి పీడనం ఒకటే కనుక, ఒక వైపు నీళ్ళు ఎత్తుగా ఉంటే ఆ బరువు రెండో వైపుకు నెట్టి సమానం చేస్తుంది. ఒక జాగ్రత్త: గొట్టంలో గాలి బుడగ ఉండకూడదు, ఏ కొసనూ వేలితో మూసి చదవకూడదు. "ఎందుకు?" అనేది మీరే ఆలోచించి చెప్పండి.

ఇక తూకం. దారానికి కట్టిన గుండు భూమి ఆకర్షణ దిశలో, నిట్టనిలువుగా వేలాడుతుంది. గోడ దారానికి సమాంతరంగా ఉంటే తూకంలో ఉన్నట్టు. గాలి వీస్తున్నప్పుడు గుండు ఊగుతుంది. అది నిలిచేదాకా ఆగి చూడాలి.

ఎక్కువ సిమెంటా, తక్కువ సిమెంటా?

ముందు సరుకు చూడండి. మంచి ఇటుకను మరో ఇటుకతో తడితే ఖంగుమని మోగుతుంది. గోటితో గీస్తే గీత పడదు. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. మామూలు ఇటుక తన బరువులో 20 శాతం కన్నా ఎక్కువ నీళ్ళు పీల్చకూడదు. 3 కిలోల ఇటుక 600 గ్రాముల కన్నా ఎక్కువ బరువు పెరిగితే అది సరిగా కాలని ఇటుక.

ఇసుకనూ సీసాలో వేసి, మట్టికి చేసినట్టే కుదిపి మూడు గంటలు ఉంచండి. ఇసుక పొర 10 సెం.మీ. ఉంటే, దానిమీది మెత్తటి పొర 8 మి.మీ. దాటకూడదు. దాటితే ఇసుక కడగాలి. మెత్తటి మట్టి ఇసుక రేణువులకు పట్టి ఉంటే సిమెంటు వాటిని అంటుకోలేదు.

ఇప్పుడు సిమెంటు సంగతి. సిమెంటు "ఎండి" గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. సిమెంటు నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. ఆ చర్యకు రోజులు పడుతుంది, అన్ని రోజులూ తడి కావాలి. అందుకే ఇటుకలను ముందే నీళ్ళలో నానబెడతారు. లేకపోతే ఎండు ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. కట్టిన తరవాత కూడా కనీసం వారం రోజులు గోడను తడుపుతూ ఉండాలి. గోడ తడపమని మేస్త్రి గారు చెప్పే మాట వెనక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

మరి ఎక్కువ సిమెంటు వేస్తే? ఇలాంటి పనికి ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక వాడుక. సిమెంటు అతిగా ఉంటే మాలు గట్టిపడేటప్పుడు ఎక్కువగా కుంచించుకుని సన్నని బీటలు తీస్తుంది. డబ్బూ దండగే. ఇసుక మరీ ఎక్కువైతే పట్టు ఉండదు. నీళ్ళ విషయంలో కూడా ఇంతే. పని సుళువవుతుందని నీళ్ళు ఎక్కువ పోస్తే, చర్యలో పాల్గొనని నీరు తరవాత ఆవిరై సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. కాంక్రీటు బలం సిమెంటుకు, నీటికి మధ్య ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లో ప్రయోగాలతో చూపించాడు. కలిపిన మాలును రెండు గంటల్లోగా వాడెయ్యాలి. గట్టిపడటం మొదలైనదానికి మళ్ళీ నీళ్ళు పోసి మెత్తబరచకూడదు.

బురదతో పేర్చమన్నవారి మాట? అదీ కొట్టిపారేయదగినది కాదు. తొట్టిని రెండేళ్ళ తరవాత విప్పి మరో చోట పెట్టుకోవాలంటే బురదే మేలు, ఇటుకలు చెడకుండా వస్తాయి. కాని వానకు బురద కరుగుతుంది. పైన కప్పు వేయాలి, ఏటా మరమ్మతు చేయాలి. చూశారా, దేనికోసం అన్నది తెలిస్తే రెండు సలహాల మధ్య తగవు తీరిపోతుంది.

ఒక హెచ్చరిక. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. చర్మాన్ని కాలుస్తుంది, కళ్ళలో పడితే చాలా ప్రమాదం. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళు ధారగా పోసి కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

గోడ ఎందుకు పడుతుంది?

తొట్టి కట్టాక హుషారు వచ్చి, "ఇదే మందంతో 1.5 మీటర్ల గోడ కట్టేద్దాం" అని మీకు అనిపించవచ్చు. ఆగండి. చిన్న లెక్క చేద్దాం.

ఒక మీటరు పొడవు గోడ ముక్కను తీసుకోండి. ఇటుక కట్టుబడి ఘనపు మీటరుకు సుమారు 1,900 కిలోల బరువు. 10 సెం.మీ. మందం, 1.5 మీటర్ల ఎత్తు అయితే బరువు 1,900 × 0.1 × 1.5 = 285 కిలోలు. గోడను ఒక వైపు నుంచి గాలి తోస్తే అది రెండో వైపు అడుగు అంచు మీద తిరగబడాలి. గోడ బరువు మధ్యలో ఉంటుంది కనుక ఆ అంచుకు 5 సెం.మీ. దూరంలో పనిచేస్తుంది. నిలబెట్టే భ్రామకం 285 × 0.05 = సుమారు 14 కిలో మీటర్లు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే తుఫాను గాలి చదరపు మీటరు మీద దాదాపు 50 కిలోల బరువంత బలంతో తోస్తుంది. మన గోడ ముక్క మీద 50 × 1.5 = 75 కిలోలు. అది సగం ఎత్తులో, అంటే 0.75 మీటర్ల దగ్గర పనిచేస్తుంది. పడదోసే భ్రామకం 75 × 0.75 = సుమారు 56. పద్నాలుగు ఎక్కడ, యాభై ఆరు ఎక్కడ! ఇక ఆ గోడను ఆపుతున్నది మాలు పట్టు ఒక్కటే. అది బీటవారితే గోడ కూలుతుంది.

మందం రెట్టింపు చేసి 20 సెం.మీ. చేయండి. బరువు 570 కిలోలు, దూరం 10 సెం.మీ. భ్రామకం 57. మందం రెండింతలైతే నిలిచే శక్తి నాలుగింతలైంది! బరువూ దూరమూ రెండూ రెట్టింపు కావడమే కారణం. అయినా 57, 56కు సరితూగింది అంతే, భద్రతకు మిగులు లేదు. అందుకే పొడుగాటి గోడలకు మధ్యమధ్య స్తంభాలు కడతారు.

గోడకు ఒక వైపు మట్టి పోస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. లోతుకు పోయేకొద్దీ మట్టి ఒత్తిడి పెరుగుతుంది. వాన నీరు ఆ మట్టిలో నిలిస్తే దాని ఒత్తిడి కూడా తోడవుతుంది. అందుకే మట్టిని ఆపే గోడలకు నీరు పోయే కన్నాలు వదులుతారు. ఇలాంటి గోడ ఇంజనీరు లెక్క లేకుండా కట్టరాదు.

మరి మన తొట్టి 10 సెం.మీ. మందంతో ఎలా నిలుస్తుంది? ఒకటి, ఎత్తు 60 సెం.మీ. మాత్రమే. రెండు, నాలుగు గోడలూ మూలల దగ్గర ఒకదానికొకటి ఊతం. ఒక కాగితాన్ని నిలువుగా నిలబెట్టండి, పడిపోతుంది. దాన్నే మధ్యకు మడిచి నిలబెట్టండి, నిలుస్తుంది. మూల బలం అదే. అందుకే ఇటుకలను మూలల్లో అల్లిక పోసినట్టు ఒకదానిలోకి ఒకటి కలపాలి. ఏ వరసలోనూ నిలువు అతుకు కింది వరస అతుకు మీదికి రాకూడదు. మూడో, అయిదో వరసల్లో ఇటుకల మధ్య అక్కడక్కడ 5 సెం.మీ. ఖాళీ వదలండి. చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు గాలి అందుతుంది. అడుగున గచ్చు చేయవద్దు. నీరు ఇంకుతుంది, వానపాములు పైకి వస్తాయి.

ఎవరిని ఏమి అడగాలి?

నేల, ఇటుక, అల్లిక గురించి తాపీ మేస్త్రి గారిని అడగండి. సెప్టిక్ ట్యాంకు, కుళాయి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాటి మీద తవ్వకూడదు. హద్దు పక్కన కట్టేటట్లయితే పొరుగువారికి ముందే చెప్పండి. ప్రహరీ, షెడ్డు వంటి వాటికి అనుమతి కావాలా అని పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో కనుక్కోవాలి. ఒక మీటరు దాటిన గోడ, పైకప్పు, మట్టిని ఆపే గోడ అయితే ఇంజనీరునే అడగాలి. లోతైన గోతుల్లోకి మీరు దిగవద్దు. మనిషి ఛాతీ లోతు గుంత అంచులు కూలినా ప్రాణం పోతుంది.

సలహా అడగడం చిన్నతనం కాదు. ఇంగ్లండులో పుట్టి భారతదేశంలో స్థిరపడిన లారీ బేకర్ (1917–2007) చదువుకున్న వాస్తుశిల్పి. హిమాలయాల్లోని పితోరాగఢ్ ప్రాంతంలో ఉన్నప్పుడు అక్కడి జనం రాయితో, మట్టితో కట్టుకున్న ఇళ్ళను చూసి తన చదువు చెప్పనిది ఎంతో నేర్చుకున్నాడు. తరవాత కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళెన్నో కట్టాడు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వచ్చేలా పేర్చే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. దానితో ఇటుకలు దాదాపు పావువంతు ఆదా అవుతాయి. అనుభవం ఉన్నవారిని అడిగాడు, అడిగినదాన్ని లెక్కతో సరిచూసుకున్నాడు. రెండూ కలిస్తేనే మంచి కట్టుబడి.

చేసి చూడండి

1. మీ పెరటి మట్టిని, బడి ఆవరణలోని మట్టిని రెండు సీసాల్లో వేసి పొరలు కొలిచి పోల్చండి.

2. ఒక అగ్గిపెట్టెను మూడు విధాలుగా నిలబెట్టి నోటితో ఊదండి. ఏ విధంగా నిలిస్తే సులువుగా పడింది? పైన చేసిన లెక్కతో కారణం చెప్పండి.

3. గోడ ఎత్తును 1.5 మీటర్ల నుంచి 75 సెం.మీ.కు తగ్గించి, 10 సెం.మీ. మందానికి రెండు భ్రామకాలూ మళ్ళీ కట్టండి. గోడ నిలుస్తుందా?

4. మీ ఊళ్ళో కట్టుబడి జరుగుతున్న చోటికి పెద్దవాళ్ళతో వెళ్ళి, దూరం నుంచి చూసి, తీరిక వేళ మేస్త్రి గారిని మూడు "ఎందుకు"లు అడగండి. జవాబులు నోటుబుక్కులో రాసుకుని, వాటి వెనక ఉన్న సైన్సును మీ మాస్టారితో చర్చించండి.